చెప్పు రబ్బరు మీద పాలపిట్ట

సంపాదకులకు,

వన్యప్రాణి చిత్రకారుల మీద మీ ఆదివారం వ్యాసం బాగుంది. థామస్ బ్యూయిక్‌ను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. 1753లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆయన, అడ్డంగా కోసిన గట్టి చెక్క ముఖం మీద, లోహం చెక్కే సన్నని ఉలితో పిట్టల ఈకలు గీశాడు. ఆ చెక్కకు సిరా పూసి అచ్చు వేస్తే, ఉలి తగిలిన చోట తెలుపు, వదిలిన చోట నలుపు. 1797 నాటి ఆయన పక్షుల పుస్తకంలో పేజీల చివర వానలో తడిసే బాటసారుల చిన్న బొమ్మలుంటాయి. నాకైతే పిట్టల కంటే అవే ఇష్టం.

అచ్చంపేటలో డ్రాయింగు చెబుతాను. అమ్రాబాద్ అడవి పక్కనే కదా అని, పిల్లల చేత పాత చెప్పు రబ్బరు మీద పాలపిట్టను చెక్కించాను. ఎడమకు చెక్కిన ముక్కు అచ్చులో కుడికి తిరిగేసరికి ఒకటే నవ్వులు!

బ్యూయిక్ బొమ్మలు అసలే అరచేతిలో పట్టేంత. మీరు ఇంకా కుదించి వేయడంతో ఈకలు మసిమరకలయ్యాయి. ఒక్కటైనా పెద్దగా వేయండి.

– ఒక డ్రాయింగు మాస్టారు, అచ్చంపేట