కార్యదర్శి వార్షిక నివేదిక: ఎవరిని ఎడిటర్ అందాం?

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో సమావేశాలు, సంతాపాలు, జమాఖర్చులు వరసగా చదివేవాళ్లం. ఈసారి జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం, అక్కడ చూసుకోండి. కార్యవర్గం నెలనెలా కూర్చుంది. రెండుసార్లు కోరం లేక వాయిదా పడింది. ఆ రెండూ ఎన్నికల ఫలితాల రోజులు కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం, తేదీలు పెట్టిన నన్ను తప్ప. ఇక మిగిలిన నివేదికంతా ఒకే విషయం మీద నడుస్తుంది. మన సంపాదకుల సంఘంలో చేరడానికి ఎవరు అర్హులు అన్న ప్రశ్న ఈ ఏడాది మా టైమంతా తినేసింది.

గొడవ రెండు దరఖాస్తులతో మొదలైంది. రెండూ ఒకే వారంలో వచ్చాయి. మొదటాయన పేరు పత్రిక చివరి పేజీ అడుగున, ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ లైన్‌లో ‘ఎడిటర్’ అని రోజూ అచ్చవుతుంది. మనిషి నిజాయితీపరుడు. కమిటీ అడగ్గానే ‘పేజీలు నేను చూడనండీ, అచ్చుకు వెళ్లేముందు నాకెవరూ చూపించరు కూడా’ అని చెప్పేశారు. యజమానికి బంధువు కావడంతో పేరు ఇచ్చారు, అంతే. రెండో ఆయన కార్డు మీద ‘డిప్యూటీ న్యూస్ ఎడిటర్’ అని ఉంది. కానీ ఆ పత్రికలో పేజీ అంతా పరుచుకునే బ్యానర్ వార్త ఏది, చిన్న సింగిల్ కాలమ్ వార్త ఏది, ఏ వార్త రేపటికి ఆగాలి అన్నది ఏళ్ల తరబడి రాత్రుళ్లు తేలుస్తున్నది ఆయనే. మన నియమావళి ‘పత్రికలో సంపాదకుడి హోదాలో ఉన్నవారు’ అంటుంది. అక్షరం ప్రకారం పోతే మొదటాయన లోపలికి, రెండో ఆయన బయటికి. ఈ ఫలితం కమిటీలో ఒక్కరికీ మింగుడుపడలేదు. అలాగని రాసుకున్న నియమాన్ని మనమే పక్కన పెడితే, రేపు ఇంకొకరు పెట్టమంటారు.

అందుకని పాత పుస్తకాలు తీశాం. పత్రికలు, పుస్తకాల రిజిస్ట్రేషన్ కోసం 1867లో వచ్చిన చట్టం ‘ఎడిటర్’ అన్న మాటకు చెప్పిన అర్థం చాలా పొట్టిది: పత్రికలో అచ్చయ్యే విషయాల ఎంపిక ఎవరి అదుపులో ఉంటుందో ఆ వ్యక్తి. జీతం, సర్వీసు, కుర్చీ, ఇవేవీ అందులో లేవు. అయితే అదే చట్టం ప్రతి కాపీ మీదా ఎడిటర్ పేరు అచ్చు వెయ్యమంది. కోర్టుకు వెళ్తే, అలా అచ్చయిన పేరే ఎడిటర్‌గా భావించడానికి సాక్ష్యం. కాదని నిరూపించుకునే భారం ఆ పేరుగల మనిషిదే. అంటే పని ఒకరిది, పేరు ఒకరిది అయినచోట సమన్లు పేరున్నాయనకే వస్తాయి. మన మొదటి దరఖాస్తుదారుకు ఈ సంగతి కమిటీ గదిలోనే తెలిసింది. పాపం, ఆయన మంచినీళ్లు అడిగారు.

ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పాత చట్టం ఎడిటర్ నుంచి కోరింది రెండే రెండు: మేజరై ఉండాలి, మామూలుగా దేశంలో నివసిస్తూ ఉండాలి. డిగ్రీ అడగలేదు, లైసెన్సు అడగలేదు. డాక్టరుకీ లాయరుకీ ఉన్నట్టు మనకు పట్టా ఇచ్చే మండలి లేదు, ఉండకూడదు కూడా. ఎవరు రాయొచ్చో తేల్చే అధికారం ఒకసారి ఒకరి చేతికిస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి జర్నలిజం డిగ్రీ తప్పనిసరి చేద్దామన్న సూచనను కమిటీ పెద్దగా చర్చ లేకుండానే తోసిపుచ్చింది.

మేం తయారుచేసిన కొత్త నియమం ఇలా ఉంది: ‘హోదా పేరు ఏదైనా, వార్తాపత్రికలో ఏది వెయ్యాలో ఏది ఆపాలో తేల్చే బాధ్యతను రోజువారీగా మోస్తున్నవారు, ఆ పనిలో కనీసం మూడేళ్లు గడిపినవారు అర్హులు.’ మూడేళ్లా ఐదేళ్లా అన్నదాని మీద చాలాసేపు వాదించుకున్నాం. అంతకన్నా అసలు చిక్కు, ఈ బాధ్యతకు రుజువేమిటన్నది. యాజమాన్యం నుంచి లెటర్ తెమ్మంటే సులువే. కానీ యాజమాన్యంతో పడని ఎడిటర్‌కు ఆ లెటర్ రాదు, సంఘం అవసరం ఎక్కువగా ఉండేదీ ఆయనకే. అందుకని లెటర్ వద్దనుకున్నాం. బదులుగా, దరఖాస్తుదారు పనిని దగ్గర నుంచి చూసిన ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలి. ఆయన కింద పనిచేస్తున్నవాళ్లు పెట్టకూడదు. బాస్ కాగితం ముందుకు తోస్తే పెన్ను తియ్యని సబ్ ఎడిటర్‌ను నేనింతవరకు చూడలేదు.

తర్వాత ఒక ముఖాముఖి. అందులో మేం అడగబోయే ప్రశ్నను ఇప్పుడే బయటపెడుతున్నాను, దాచినా లాభం లేదు: ‘ఈమధ్య మీరు ఆపేసిన వార్త ఒకటి చెప్పండి, ఎందుకు ఆపారో చెప్పండి.’ వేసిన వార్తల గురించి ఎవరైనా గంటసేపు చెబుతారు. ఆపిన వార్త గురించి చెప్పగలిగేది ఆపే అధికారం ఉన్నవాళ్లే. రెండో దరఖాస్తుదారును ఊరికే మాటల్లో ఇదే అడిగితే వరసగా నాలుగు చెప్పి, వాటిలో ఒకటి ఆపడం తన పొరపాటేనని ఒప్పుకున్నారు.

యజమానే ఎడిటరైతే? అన్నిటికన్నా గట్టిగా గొంతులు లేచింది ఇక్కడే. పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్‌కు సంబంధించిన 1978 నాటి చట్టం దీన్ని తెలివిగా విడదీసింది. కౌన్సిల్‌లో అధ్యక్షుడు కాక ఉండే 28 మందిలో 13 మంది పాత్రికేయులు, వారిలో ఆరుగురు ఎడిటర్లు. యజమానులకు, నిర్వాహకులకు వేరుగా ఆరు స్థానాలు. పత్రిక సొంతమైన పాత్రికేయుడు పాత్రికేయుల కోటాలో రావడానికి వీల్లేదు. ఇదే గీత మనమూ గియ్యాలని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. వినడానికి బాగుంది. కానీ చిన్న పత్రికల సంగతి చూడండి. అక్కడ యజమానే సంపాదకీయం రాస్తాడు, ప్రూఫులు దిద్దుతాడు, తెల్లవారుజామున కట్టలూ కడతాడు. సంపాదకుడన్న మాటలో సంపాదన ఉందిగాని ఆయన దగ్గర లేదు. ఆయన ఎడిటర్ కాడంటే ఇంకెవరు? చివరికి, సొంత పత్రికను నిజంగా తానే ఎడిట్ చేసేవారికి సభ్యత్వం, ఓటు ఇద్దామని, జీతాలు, తొలగింపుల లాంటి విషయాల మీద సంఘం తరఫున మాట్లాడే కమిటీల్లో మాత్రం వారు ఉండకూడదని తేల్చాం. ఆ ఇద్దరి అసమ్మతి మినిట్స్‌లో నమోదైంది. నా ఓటు మెజారిటీ వైపే, అయినా వాళ్ల భయం ఉత్తదని అనను.

గ్రూప్ ఎడిటర్, ఎడిటోరియల్ డైరెక్టర్ లాంటి పేర్లన్నిటికీ, ఆపిన వార్త గురించి ముఖాముఖిలో అడిగే ఆ ప్రశ్న ఒక్కటే సరిపోతుంది. ఎవరూ సంప్రదించని కన్సల్టింగ్ ఎడిటర్లకు కూడా.

అచ్చు పత్రిక లేకుండా వెబ్‌సైట్ మాత్రమే నడిపేవారి మాట ఇంకా తెగలేదు. అమెరికా పత్రికా సంపాదకుల సొసైటీ కథ ఇక్కడ పనికొస్తుంది. 1922లో మొదలైనప్పుడు అది పెద్ద నగరాల దినపత్రికల ఎడిటర్లకే పరిమితం. 2009లో తన పేరులోంచి ‘పేపర్’ అన్న ముక్క తీసేసి న్యూస్ ఎడిటర్ల సొసైటీగా మారింది, వెబ్‌సైట్ల ఎడిటర్లకు తలుపు తెరిచింది. డబ్బు ఇబ్బందులతో వార్షిక సమావేశం రద్దయిన ఏడాది కూడా అదే. 2019లో మరో ఎడిటర్ల సంఘంతో కలిసిపోయింది, అలా పుట్టిన కొత్త సంస్థ 2024లో మూతపడింది. తలుపు తెరిచినందుకు మూతపడిందని కొందరంటారు. ఆలస్యంగా తెరిచినందుకని నేనంటాను. ప్రస్తుతానికి, సొంత రిపోర్టింగు, వార్తలు సరిదిద్దే ఒక డెస్కు, తప్పు పడితే సవరణ వేసే అలవాటు ఉన్న సైట్ల ఎడిటర్లను అసోసియేట్లుగా చేర్చుకోవాలని ప్రతిపాదన. ఓటు సంగతి వచ్చే ఏడాది చూద్దాం.

ఉద్యోగం పోయిన రోజే సభ్యత్వం పోవడం పాత నియమంలో ఉన్న ఘోరం. ఈ ఏడాది ఒక సభ్యుడిని రాత్రికి రాత్రే ఇంటికి పంపేస్తే, మర్నాడు నేను ఆయనకు ఓదార్పు ఫోను, సభ్యత్వం రద్దు నోటీసు రెండూ చెయ్యాల్సి వచ్చింది. ఫోను చేశాను. నోటీసు పంపలేదు, నియమోల్లంఘన నాదే, ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఇకమీదట ఉద్యోగం లేకపోయినా రెండేళ్లు పూర్తి సభ్యత్వం, చందా మాఫీ. రిటైరైనవారికి జీవిత సభ్యత్వం ఉంటుంది, పదవులకు పోటీచేసే హక్కు ఉండదు. పార్టీ ప్రతినిధిగానో ప్రభుత్వ ప్రచార కొలువులోనో చేరినవారి సభ్యత్వం ఆ కాలమంతా నిలిచిపోతుంది. తిరిగి డెస్కు మీదికి వస్తే తిరిగి మొదలవుతుంది.

తీసేయడం గురించి కూడా రెండు మాటలు. పైన చెప్పిన అమెరికా సొసైటీ 1923లో నీతి నియమావళి రాసుకుంది. వెంటనే, అమెరికా ప్రభుత్వ చమురు భూములను లంచాలు తీసుకుని లీజుకిచ్చిన టీపాట్ డోమ్ కుంభకోణంలో వార్త రాయకుండా ఉండడానికి డబ్బు పుచ్చుకున్నాడని ఒక పత్రికాధిపతి మీద ఆరోపణ వచ్చింది. ఆయన్ని బహిష్కరించే అధికారం తమకుందా లేదా అని ఏళ్లకేళ్లు కొట్టుకున్నారు. చివరికి నియమావళి ఎవరికి వారు పాటించేదిగానే మిగిలింది. మనకా అవస్థ రాకుండా, చేరేటప్పుడే నియమావళి మీద సంతకం తీసుకుంటాం. తొలగించాలంటే సంజాయిషీ వినాలి, మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. కేసు నమోదు కావడం ఒక్కటే కారణం కాకూడదని స్పష్టంగా రాశాం. పరువునష్టం కేసు ఒక్కటీ లేని ఎడిటర్‌ను చూస్తే నాకైతే అనుమానం వస్తుంది.

మొదటి దరఖాస్తుదారు తనే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. ఇంప్రింట్ లైన్‌లోంచి పేరు తీయించుకునే ప్రయత్నంలో ఉన్నారట. రెండో ఆయన దరఖాస్తు ఈ సవరణ మీద మీరు వేసే ఓటు కోసం ఆగి ఉంది. సవరణల పూర్తి పాఠం ఈ నివేదికతోపాటు పంపుతున్నాం. మార్పులు సూచించేవారు సర్వసభ్య సమావేశానికి వారం ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. సమావేశం ఉదయం పదిన్నరకు. సాయంత్రం ఎందుకు పెట్టలేదని ఈసారి అడిగింది ఒక్కరే, ఆయన పేజీలు చూసి చాలాకాలమైంది.