కజాల్‌ని గాడ్‌ఫాదర్‌తోనే ఆపేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

హాలీవుడ్ సహాయ నటుల గురించి మీరు వేసిన వ్యాసంలో జాన్ కజాల్‌కు ఒక్క వాక్యమే దక్కింది, అదీ ‘ది గాడ్‌ఫాదర్’లోని ఫ్రెడో పాత్ర గురించి. 1972 నుంచి 1978 దాకా ఆయన నటించిన పూర్తి నిడివి చిత్రాలు ఐదే. ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు పోటీపడ్డాయి, మూడు గెలిచాయి. ఆయనకు మాత్రం ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు.

అసలు ఆయన తయారైంది రంగస్థలం మీద. 1968లో న్యూయార్క్‌లో ఆడిన ఒక నాటకంలో దారి తప్పిన భారతీయుడు గుప్తాగా వేశారు. ఆ పాత్రకు ఇంగ్లీషు రాదు, మాట్లాడేదంతా హిందీ. అంటే ప్రేక్షకులకు అర్థమవాల్సింది మాట కాదు, బెదురు చూపు, తడబడే అడుగు. ఆ నటనకు ఆయనకూ, ఏడిపించే కుర్రాడిగా వేసిన అల్ పచినోకూ ఓబీ అవార్డులు (న్యూయార్క్ ఆఫ్-బ్రాడ్‌వే నాటకాలకిచ్చేవి) వచ్చాయి.

‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’లో బ్యాంకు దొంగ సాల్ పాత్రకు మూలమైన అసలు మనిషి వయసు 18. కజాల్‌కు అప్పటికి నలభై దగ్గర పడింది! ఆ సినిమా హీరో పచినో పట్టుబట్టబట్టే ఆ వేషం దక్కింది. పారిపోయి ఏ దేశం వెళ్తావంటే, అమెరికాలోనే ఒక రాష్ట్రమైన ‘వయోమింగ్’ పేరు చెప్పడం స్క్రిప్టులో లేదు, ఆయన అప్పటికప్పుడు అన్నదే.

‘ది డీర్ హంటర్’ నాటికి ఊపిరితిత్తుల క్యాన్సర్. అందుకే ఆయన సన్నివేశాలు ముందుగా తీశారు. సినిమా విడుదలకు ముందే, 1978 మార్చిలో, 42 ఏళ్లకే పోయారు.

– ఒక పాఠకుడు, విజయవాడ