‘మహాపాపం’ అన్న మాట నోరు నొక్కేస్తోంది

సంపాదకులు గారికి,

తిరుపతిలో మా మేడమీది గదులను చాలా ఏళ్లుగా విద్యార్థులకు అద్దెకు ఇస్తున్నాను. కిందటి ఏడాది అక్కడుండే పీజీ అబ్బాయి ఒకడు రెండు రోజులు గది దాటి రాలేదు. తలుపు తట్టి కూర్చోబెట్టి అడిగితే చాలాసేపటికి నోరు విప్పాడు. వేరే మతం అమ్మాయిని పెళ్లి చేసుకుంటానన్నందుకు ఊళ్లో మత పెద్దలు కూర్చుని, అతను దారికి వచ్చేదాకా ఆ ఇంటితో రాకపోకలు వద్దన్నారట. చెల్లెలికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ‘‘అంతా నా వల్లే కదా సార్’’ అన్నాడు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. తలూపాడు. ‘‘అలా అనుకోవడమే మహాపాపమని చిన్నప్పటి నుంచి విన్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు’’ అన్నాడు.

ఆ మాట నన్ను ఇంకా వదలలేదు. గుడిలో ప్రవచనం, చర్చిలో ప్రసంగం, మసీదులో బయాన్ ఎన్నింటిలో తేడా పడినా ఈ ఒక్కచోట కలుస్తాయి: ఆత్మహత్య మహాపాపం. ప్రాణం నిలబెట్టాలనే అంటారు, కాదనను. కానీ ఆ ఆలోచనతో నలిగిపోతున్నవాడికి చెప్పుకొనే దారి అక్కడే మూసుకుపోతోంది. పైగా వెలివేసేదీ ఆ పెద్దలే, పాపమని భయపెట్టేదీ వారే. పిల్లవాడు పోయాక ‘దేవుడి చిత్తం’ అని చేతులు దులుపుకొనేదీ వారే.

చట్టం వీరికంటే ముందే మారింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి ఆదుకోవాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309 సెక్షన్‌కు, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటు దక్కలేదు. మేజర్లయిన ఇద్దరి పెళ్లిలో పంచాయతీలు తలదూర్చడం చట్టవిరుద్ధమని శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ఇలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైను ఉండాలంది. ఆ నంబరు మన ఊళ్లో ఏ గోడమీదా నా కంటపడలేదు.

ఆ రాత్రే పక్కన కూర్చుని 14416కి ఫోను చేయించాను. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. తర్వాత డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళ్లాను. ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పెళ్లి సంగతి ఇంకా తేలలేదట. అది వాళ్లిద్దరి సంగతి.

శ్రీవేంకటేశ్వర భక్తి చానల్ ప్రవచనాల మధ్యలో, ఆదివారం ఆరాధనలో, శుక్రవారం నమాజు ముందు ఈ అయిదంకెలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? ‘అలాంటి ఆలోచన వస్తే మా దగ్గరికి రండి, తిట్టం’ అని పెద్దలు ఒక్క ముక్క కలిపితే ఇంకా మేలు.

ఒక మాట మీకూ చెప్పాలి. ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో, ఎలా రాయకూడదో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా జిల్లా పేజీల్లో ‘ప్రేమ విఫలమై’ అన్న శీర్షిక ఇప్పటికీ చూస్తున్నాను, కింద ఏ సహాయ నంబరూ ఉండదు. రేపటి నుంచి వేయగలరా?

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి