ఆ గట్టు మీద నీకు చెప్పని మాట

విజయనగరం,
ఆదివారం

అమ్మలూ,

నిన్న ఫోన్లో మీ అత్తయ్యగారినీ మామయ్యగారినీ కూడా మీ కాలిఫోర్నియాలోని మాలిబూ కొండలకి తీసుకెళ్తానన్నావు. "మా అమ్మే నడిచేసింది, వాళ్లకేం" అన్నావు. ఆ మాట దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మీ అమ్మ ఎలా నడిచిందో మీ అమ్మకే తెలుసు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో అడ్డుపడతావు కాబట్టి రాస్తున్నాను.

నేను మీ దగ్గరికొచ్చినప్పుడు, అక్కడి సాల్‌స్టిస్ కాన్యన్ అనే లోయలో కారు దిగగానే రైజింగ్ సన్ ట్రైల్ అనే కొండబాట ఎక్కించావు. గట్టు మీదుగా వెళ్లి, లోయలోంచి వాగు పక్కన తిరిగొచ్చేద్దాం, మొత్తం అయిదు కిలోమీటర్లే అన్నావు. రోజూ అయ్యకోనేరు చుట్టూ తిరిగేదాన్ని, అయిదు నాకొక లెక్కా అనుకున్నాను. చదును వేరు, కొండవాలు వేరు. పైన గొడుగంత నీడ కూడా లేదు. బరువెందుకు, అర లీటరు బాటిల్ చాలు అన్నదీ నేనే. సగం దారికే ఖాళీ. "ఆగు, సముద్రం ఫోటో తీసుకుంటా" అని రెండుసార్లు వెనక్కి తిరిగాను చూడు, అవి ఫోటోల కోసం కాదు. కళ్లు బైర్లు కమ్మాయి. కావాలంటే ఆ ఫోటోలు తీసి చూడు, ఒకదాంట్లో సగం నా వేలే ఉంది.

అలా ఆగినప్పుడే బూడిదరంగు పొద ఒకటి చేతికి తగిలింది. ఆకులు దారప్పోగుల్లా సన్నగా ఉన్నాయి. వేళ్లతో నలిపి చూస్తే అచ్చం మాచిపత్రి వాసన! వినాయకచవితి పూజలో అన్నిటికంటే ముందు వేసే పత్రి, పసిఫిక్ ఒడ్డున. రెండింటి ఇంటిపేరూ ఆర్టెమీసియానే అని అల్లుడు ఫోన్లో వెతికి చెప్పాడు. ఆ వాసనకే కాస్త ప్రాణం లేచొచ్చింది.

కిందకి దిగాక జలపాతం పక్కన కాలిపోయిన ఇల్లుంది కదా. మీరిద్దరూ నీళ్ల దగ్గర ఆడుకుంటుంటే నేను ఆ ఫైర్‌ప్లేస్ ముందే నిలబడిపోయాను. అలసిపోయాననుకున్నావు. అదీ నిజమే. కానీ నా బుర్ర పంపుల మీద ఉంది. 1952లో రాబర్ట్స్ దంపతుల కోసం పాల్ విలియమ్స్ డిజైన్ చేసిన ఇల్లట అది. అమెరికా ఆర్కిటెక్టుల సంఘంలో మొట్టమొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. కార్చిచ్చు వచ్చే కొండలని తెలిసే కట్టారు. మంటలొస్తే ఇల్లు తడపడానికి పంపులు, పైపులు అన్నీ పెట్టుకున్నారు. ఓనరు పోయాక వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1982లో మంటలు రానే వచ్చాయి. పొగగొట్టాలు, మెట్లు, నేల, అంతే మిగిలాయి. జలపాతం మాత్రం ఆ పక్కనే నీళ్లు పోస్తూనే ఉంది.

ముప్పై ఏళ్లు మంచినీళ్ల స్కీముల్లో పనిచేసినదాన్ని. మోటారు బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టడానికి ఊరంతా వస్తుంది. పంపు దగ్గర నీళ్లు కారకుండా పెట్టే గ్లాండ్ ప్యాకింగ్ మార్చే రోజు వాచ్‌మన్ కూడా కనపడడు. నువ్వు స్కూల్లో ఉన్నప్పటి సంగతి, ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక ఊళ్లో స్టాండ్‌బై మోటారు తిప్పి చూడకుండానే "కండిషన్‌లో ఉంది" అని రిజిస్టర్లో సంతకం పెట్టాను. మే నెలలో మెయిన్ మోటారు కాలిపోయింది. రెండోది తిరగలేదు. పదకొండు రోజులు ట్యాంకర్లు తోలాం. ఆ పాడుబడ్డ ఇంటి ముందు నాకు ఆ రిజిస్టరే కనపడింది.

తిరుగుదారి హాయిగానే ఉంది. చెట్ల నీడ, పక్కన వాగు, బండి దారంత వెడల్పు. మధ్యలో ఆ పాత రాతి ఇల్లు, కెల్లర్ వాళ్లది, అదీ 2007లో కాలిందే. 2018లో వచ్చిన వూల్సీ కార్చిచ్చు మంటలు ఈ లోయనీ వదల్లేదన్నావు. అయినా నల్లబడ్డ మోళ్ల అడుగు నుంచి కొత్త కొమ్మలు ఎలా లేచాయో చూశావుగా.

ఇక అసలు విషయం. వాళ్లని గట్టు దారిన పూర్తిగా తిప్పకు. మామయ్యగారికి షుగరు, అత్తయ్యగారికి మోకాళ్లు. ఆవిడ నాలాగే ఫోటో అంటారు కానీ కాళ్లు నొప్పని చచ్చినా అనరు. లోయ దారినే జలపాతం దాకా వెళ్లి, అదే దారిన రండి. అయితే గట్టు ఎక్కకపోతే సముద్రం అలా కనపడదు, అదొక్కటే బాధ. పొద్దున్నే వెళ్లి, ఎండెక్కకముందు మొదటి నాలుగు మలుపులూ ఎక్కించి దింపెయ్. మనిషికి లీటరున్నర నీళ్లు, ఆయన జేబులో గ్లూకోజు బిళ్లలు. పార్కింగ్ చిన్నది, ఆలస్యమైతే దొరకదు.

మూడేసి ఆకుల మొక్క గురించి ముందే చెప్పు. చూడ్డానికి మారేడు దళమే అనుకుని అత్తయ్యగారు భక్తితో కోసినా కోస్తారు. పాయిజన్ ఓక్ అంటే ఆవిడకేం తెలుసు? దాని జిడ్డు బట్టలకి అంటుకుంటే తర్వాత కూడా దద్దుర్లొస్తాయని ఆ సాయంత్రం నా బట్టలన్నీ లాక్కుని వాషర్లో వేశావు.

చున్నీ ఒక్కటి ఇవ్వలేదు. సూట్‌కేసులో చీరల అడుగున పెట్టేశాను. దద్దుర్లేం రాలేదులే. మడత విప్పితే ఇప్పటికీ మాచిపత్రి వాసనే.

అమ్మ