కాంట్రాస్ట్ ఎక్కించే ముందు ఈ ప్రశ్నలు అడగాలి

సంపాదకులకు,

సీటీ స్కాన్‌లో అవయవాలు స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే అయోడిన్ మందును (కాంట్రాస్ట్‌ను) ఒంట్లోంచి బయటికి పంపేది కిడ్నీలే. మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ముందే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష చేసి, కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్కగట్టాలి. అది 30 లోపు ఉంటే ముప్పు ఎక్కువ. అలాంటివారు మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మాత్ర వాడుతుంటే ఆపించి, 48 గంటలయ్యాక కిడ్నీ పనితీరు మళ్లీ చూడాలి. లేకుంటే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగవచ్చు.

రొయ్యలు పడనివారికి కాంట్రాస్ట్ పడదన్నది అపోహ. గతంలో కాంట్రాస్ట్‌తో దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అన్నదే అడగాల్సిన ప్రశ్న. అది అడగకుండానే సమ్మతి పత్రంపై సంతకం చేయించడం అన్యాయం. ఇంజెక్షన్ చేయగానే ఒళ్లు వెచ్చబడటం మామూలే. తీవ్రమైన రియాక్షన్ సాధారణంగా మొదటి 20 నిమిషాల్లోనే వస్తుంది కాబట్టి రోగిని అరగంట గమనించాలి, రియాక్షన్‌ను అదుపు చేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా ఉంచాలి.

— ఒక రేడియాలజీ టెక్నీషియన్