వార్షిక నివేదిక 2024–25: సాయంత్రపు ఆట, రాత్రి నిద్ర

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఆటిజం (మాట, మెలగడం, స్పందన తీరు వేరుగా ఉండే ఎదుగుదల స్థితి) ఉన్న పిల్లల తల్లిదండ్రులుగా మనం నడుపుకుంటున్న ఈ సంఘం ఆశయాలను ఇక్కడ మళ్లీ వివరించనక్కరలేదు. గత సమావేశంలో థెరపీల కంటే, స్కూలు సీట్ల కంటే ఎక్కువ సేపు నడిచిన చర్చ పిల్లల నిద్ర గురించే కాబట్టి, కార్యవర్గం ఈ ఏడాది తన శక్తిలో అధికభాగాన్ని సాయంత్రపు ఆటల కార్యక్రమానికి కేటాయించింది.

ఆటిజం ఉన్న పిల్లల్లో 50 నుంచి 80 శాతం మందికి ఏదో ఒక నిద్ర సమస్య ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మన అవగాహన సదస్సులో మాట్లాడిన పిల్లల డాక్టరు గారు మలబద్ధకం, గురక, మూర్ఛ, ఐరన్ లోపం వంటివి ఉన్నాయేమో ముందు చూపించుకోవాలనీ, ఆ తర్వాత పడుకునే వేళను, పద్ధతిని సరిదిద్దాలనీ, నిద్రకు తోడ్పడే హార్మోను మందు మెలటోనిన్ మాట డాక్టరు సలహాతో ఆ తర్వాతే ఎత్తాలనీ స్పష్టంగా చెప్పారు. నాడీవైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల వరుస కూడా ఇదే. అయినా పక్కింటివారు చెప్పారని మందుల షాపులో గోళీలు కొనుక్కొచ్చే సభ్యులు ఇప్పటికీ ఉన్నారని విచారంతో తెలియజేస్తున్నాను.

ఆట విషయానికొస్తే, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు, వైకల్యం ఉన్నవారితో సహా, రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క. హాంకాంగ్‌లో ఆటిజం ఉన్న పిల్లలకు పన్నెండు వారాల పాటు బాస్కెట్‌బాల్ నేర్పితే నిద్ర మెరుగుపడిందని 2019లో ప్రచురితమైన అధ్యయనం మనకు ధైర్యాన్నిచ్చింది. అయితే మన పిల్లలు స్కూలు వ్యానులో కొండాపూర్ నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో కునుకు తీసి, ఇంటికి రాగానే ఫోను పట్టుకుని, తొమ్మిదిన్నరకు అన్నం తిని, అర్ధరాత్రి దాకా మంచం మీద దొర్లుతున్నారు. నిద్ర చాలని పిల్లవాడు మర్నాడు ఆటకు మొరాయిస్తాడు, ఆడని పిల్లవాడికి ఆ రాత్రీ నిద్ర పట్టదు. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలన్న ఉద్దేశంతోనే వ్యాను దిగిన వెంటనే ఆట అనే నియమం పెట్టాం.

ప్రతి కుటుంబానికీ ఒక నోటు పుస్తకం ఇచ్చి, పడుకోబెట్టిన వేళ, నిద్రపట్టిన వేళ, రాత్రి లేచిన వేళ రాయమన్నాం. క్రమం తప్పకుండా రాసిన ఇళ్లలో చాలావాటిలో పిల్లలకు మునుపటికంటే త్వరగా నిద్రపడుతోంది. కొందరు పిల్లల్లో ఏ మార్పూ లేదు. ఆట ఆలస్యంగా ముగిసిన రోజుల్లో మరింత ఉత్సాహంతో తిరిగినవారూ ఉన్నారు. అందుకే ఆటను ఆరున్నరలోపే ముగించాలని నిర్ణయించాం. వానాకాలంలో తమ సెల్లారును వాడుకోనిచ్చిన అపార్ట్‌మెంట్ వారి మేలు మరువలేనిది. బాస్కెట్‌బాల్ నేలకు తగిలిన చప్పుడుకే చెవులు మూసుకుని స్తంభం వెనక దాక్కునే పాప కోసం ఒక సభ్యురాలి అత్తగారు పాత చీరలతో గుడ్డబంతులు కుట్టిచ్చారు. ఇప్పుడు ఆ పాపే అందరికంటే ముందు బంతుల బుట్ట దగ్గరికి వస్తోంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది సంక్రాంతి సెలవుల తర్వాత తార్నాకలోని ఒక పాఠశాల మైదానంలో జరిగిన ఆటల పండుగ. మైకు, ఈల, డప్పు ఏవీ లేకుండా రంగు జెండాలతోనే నడిపాం. పరుగు, బంతి, మజ్జిగ, ఇల్లు అనే వరుసను బొమ్మల అట్టలపై గీసి పిల్లలకు వారం ముందే చూపించాం. పరుగుపందెంలో ఒక బాబు గీత దాటాక కూడా ఆగకుండా మైదానమంతా ఇంకో చుట్టు చుట్టి వచ్చి, తన వరుసలో తిరిగి నిలబడ్డాడు. పందెం మళ్లీ పెట్టక తప్పలేదు. పది గంటలకు పరుగు అని పిల్లలకు చూపించాక అతిథి కోసం ఆపడం వీలుకాదు కాబట్టి, ముఖ్య అతిథి లేకుండానే మొదలుపెట్టాం. ఆయన పన్నెండు దాటాక వచ్చి మైకు లేదని నొచ్చుకున్నారు.

పార్కులో రోజూ గంటసేపు ఒక మూల మనకు కేటాయించాలన్న దరఖాస్తు మాత్రం ఇంకా బల్లల మధ్యే తిరుగుతోంది. దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ చెబుతోందని జిరాక్సు జతచేసి ఇస్తే, సంబంధిత అధికారి ఆ జిరాక్సుపై గెజిటెడ్ సంతకం కావాలన్నారు.

వాలంటీర్ల సంగతి చెప్పక తప్పదు. ఆటల పండుగ రోజు టీషర్టులు చాలనంత మంది వచ్చారు, గ్రూప్‌లో ఫొటోలూ పెట్టారు. మర్నాటి సోమవారం సెల్లారులో ఎప్పుడూ వచ్చే ఇద్దరు తల్లులే మిగిలారు. తండ్రులు వారానికి ఒక సాయంత్రమైనా ఆఫీసు నుంచి ముందుగా రావడం అసాధ్యమని నేననుకోను.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక అనుబంధంలో ఉంది. చందా బకాయిలు ఉన్నవారు కోశాధికారి గారిని కలవగలరు.

ఉచితంగా శిక్షణనిచ్చిన పీఈటీ మాస్టారికి, ఫిజియోథెరపీ విద్యార్థులకు, మైదానమిచ్చిన పాఠశాల యాజమాన్యానికి, కుర్చీలకు అద్దె తీసుకోని టెంటుహౌస్ వారికి, మజ్జిగ పంపిన పాలకేంద్రం వారికి, తెల్లవారుజామున లేచి జెండాలు పాతిన అన్నయ్యలకు, అక్కలకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఎండాకాలంలో ఆటను ఉదయం ఆరు గంటలకు మార్చే ప్రతిపాదనను, వంతుల వారీ వాలంటీర్ల పట్టికను సమావేశం ముందుంచుతూ, ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

కార్యదర్శి