ట్యూబ్‌లైటు ఆపిన బాబాయి గారికి

నిన్న ఒక కాలేజీలో సైకాలజీ పిల్లలకి, తలకి గట్టి దెబ్బ తగిలి బతికినవాళ్ళ రోజులు ఎలా గడుస్తాయో చెప్పొచ్చాను. ఇంటికొచ్చి పడుకున్నదాన్ని ఇప్పుడే లేచాను. తల దిమ్ముగానే ఉంది, కానీ ఇప్పుడు రాయకపోతే రేపటికి సగం మర్చిపోతాను, అందుకని రాసేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పిలిచిన లెక్చరర్ గారికి, ఓపిగ్గా విన్న పిల్లలకి థాంక్స్. కానీ ఈ పోస్టు మాత్రం ఆ సెమినార్ హాలు అటెండరు బాబాయి గారి కోసం. పేరడిగితే "నా పేరెందుకులే అమ్మా" అనేశారు.

హాల్లో ముందు వరస మీద ఒక ట్యూబ్‌లైటు టపటపా కొట్టుకుంటోంది. మీకైతే కాస్త చిరాకు, అంతే. నాకు కాసేపటికే కడుపులో తిప్పుతుంది, మాట తడబడుతుంది. వచ్చీ రాగానే లైటాపండి, ఫ్యాను తగ్గించండి అంటే ఏమనుకుంటారోనని మొహమాటపడి మొదలుపెట్టేశాను. మెదడు పుర్రెలో నీళ్ళ మధ్య తేలుతుంటుంది, అందుకే వెనక దెబ్బ తగిలినా ముందు భాగం కూడా వెళ్ళి ఎముకకి కొట్టుకుని నలగొచ్చు అని చెప్తున్నాను. నాకు జరిగిందీ అదే, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరితే వెనకాల ఒక పక్కకి కూర్చున్నదాన్ని వెల్లకిలా పడ్డాను (హెల్మెట్ ఒక్కటే, అది మా ఆయన తల మీద ఉంది). సరిగ్గా అక్కడ "నుదురు" అనే మాట రాలేదు. చేత్తో చూపిస్తున్నాను, నోట్లోంచి మాత్రం ఊడిపడదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

అప్పుడు ఆయన వెనక నుంచి వచ్చి బెంచీ ఎక్కి, స్టార్టరు తిప్పి తీసేసి ఆ లైటు ఆపారు. ఎండ పడుతున్న కిటికీ ఓరగా మూశారు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా వెనకాల వేసి వెళ్ళిపోయారు. అయిపోయాక, మీకెలా తెలిసింది బాబాయి గారూ అని అడిగితే, "అది కొట్టుకున్నప్పుడల్లా మీరు కళ్ళు మూస్తున్నారు కదమ్మా" అన్నారు. ఏం జబ్బని కూడా అడగలేదు. మెట్ల దగ్గర, పిల్లలందరి ముందూ, భోరుమని ఏడ్చేశాను.

ఎందుకంటే నాకు అలవాటైంది రుజువు అడిగేవాళ్ళే. వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్తే చేతులెత్తమన్నారు, నడవమన్నారు, "బాగానే ఉన్నావుగా" అన్నారు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, తల దెబ్బతో వచ్చేదానికి మాత్రం విడిగా చోటు లేదు. నరాల జబ్బు కింద రాయాలో మానసికం కింద రాయాలో తేలక నన్ను ఈ గదికీ ఆ గదికీ తిప్పారు. పొయ్యి మీద కూర మాడుతున్నా నాకు వాసన తెలీదు, దానికి ఎంత పర్సంటేజీ వేస్తారు? అమెరికాలో వైకల్యమున్న బడి పిల్లల చట్టంలో 1990లోనే తల దెబ్బని విడిగా చేర్చారు. ఇక్కడ ఒక్క 2022లోనే హెల్మెట్ పెట్టుకోక 50 వేల మందికి పైగా పోయారని కేంద్రం రిపోర్టు, మరి చావు తప్పి నాలా ఇంట్లో కూర్చున్నవాళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది? సరే, ఇది మొదలుపెడితే తెల్లారుతుంది.

"మళ్ళీ ముందులా అయ్యారా మేడం" అని ఒక అబ్బాయి అడిగాడు. లేదు నాన్నా, కాలేదు అన్నాను. అయ్యో అనలేదు, తలూపి రాసుకున్నాడు. నచ్చాడు.

మా ఆయనకి, అమ్మకి, చెల్లికి ఇక్కడ థాంక్స్ చెప్తే తిడతారు, వదిలేస్తున్నా.

అయ్యో, మర్చిపోయాను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నాకు అర్థం కాదని చెప్పగానే ప్రశ్నలన్నీ చీటీల మీద రాయించి ఒక్కోటీ చేతికిచ్చిన అమ్మాయి. రానూపోనూ హారన్ కొట్టకుండా నడిపిన ఆటో తమ్ముడు. పెరుగన్నం పెట్టిన క్యాంటీన్ అక్క. ఇంకా, పడ్డ రోజు నన్ను రోడ్డు మీంచి ఎత్తి ఆస్పత్రిలో చేర్చి, పోలీసు కేసంటారని భయపడి పేరు చెప్పకుండా వెళ్ళిపోయినాయన. అన్నా, ఇది ఎప్పుడైనా చదివితే, 2019లో చట్టం మార్చారు, సాయం చేసినవాళ్ళ మీద ఇప్పుడు కేసు పెట్టరు, పేరు చెప్పమని బలవంతమూ చెయ్యకూడదు. ఒక్క మెసేజ్ పెట్టండి.

స్లైడ్లు అడిగిన పిల్లలకి సోమవారం మా చెల్లి పంపుతుంది. ఫోన్లు మాత్రం చెయ్యకండి.